దీక్షితార్ అంటే పాండిత్యమేనా?

వీణ_మెట్లు:
"కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితార్‌ది అంతా పాండిత్యమే, మనసుకు తగలదు" అని నిన్న ఒకరు రాశారు. ఇరవై ఏళ్లు నేనూ అదే అన్నాను. చిన్నప్పుడు పోటీల కోసం "వాతాపి గణపతిం" పరుగు మీద పాడించేవారు. అర్థం ఎవరూ చెప్పలేదు. నోరు తిరగని సంస్కృత సమాసాలు, తాళం తప్పుతుందని టెన్షన్.

నలభై దాటాక వీణ పట్టాను. టీచర్‌గారు భైరవి రాగంలో దీక్షితార్ కృతి "బాలగోపాల" మొదలుపెట్టారు. పల్లవికే మూడు వారాలు! గాంధారం ("గ" స్వరం) మెట్టు మీద వేలు ఊరికే పెడితే భైరవి పలకదు, తీగ లాగి ఊపాలి. తొందరపడితే ఆ ఊపుకు చోటుండదు. ఈ కృతులకు చౌకకాలం, అంటే నిదానపు నడక, ఎందుకో ముందు నా వేలికి తెలిసింది, చెవికి తర్వాత. దీక్షితారూ వైణికుడే కదా.

గోదారి_గట్టు:
అది రాగం గొప్పండీ. సాహిత్యం మాటేమిటి? త్యాగయ్య "ఎందుకు నిర్దయ" అని రాముణ్ణే నిలదీస్తాడు. ఈయన క్షేత్రం పేరు, దేవత పేరు, చివర "గురుగుహ" అని తన ముద్ర (సంతకం). స్థలపురాణం చదివినట్టుంటుంది.

వీణ_మెట్లు:
చాలా కృతుల్లో అది నిజమే, కాదనను. కానీ ఆనందభైరవిలో తిరువారూరు గుడిలోని శివుడు త్యాగరాజస్వామి మీది పల్లవి చూడండి: త్యాగరాజ యోగ వైభవం, అగరాజ యోగ వైభవం, రాజ యోగ వైభవం, యోగ వైభవం, వైభవం, భవం, వం. ముందు నుంచి తరుగుతూ పోతున్నా ప్రతి ముక్కకీ అర్థం ఉంది. ఆవు తోకలా సన్నబడే గోపుచ్ఛ యతి అంటే ఇదే.

గోదారి_గట్టు:
నేనన్న పాండిత్యం కూడా ఇదేగా!

తోడి_పిచ్చి:
మధ్యలో ఒక మాట. ఆయన తెలుగులోనూ రాశారు, తోడిలో "రూపము జూచి" వర్ణం ఉంది. ఆయన తమ్ముడి మనవడు సుబ్బరామ దీక్షితులు ఈ కృతులకు స్వరాలు రాసి 1904లో ఎట్టయపురంలో అచ్చువేసిన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" తెలుగు పుస్తకమే. తమిళ విద్వాంసులు దానికోసం తెలుగు కూడబలుక్కుంటే, మనం ఆయన్ని పరాయివాడిలా చూస్తున్నాం.

గోదారి_గట్టు:
సరే, ఆనందభైరవి వింటాను. త్యాగయ్యను మించాడని మాత్రం అనను.

వీణ_మెట్లు:
అనమని ఎవరడిగారండీ? నిదానంగా పాడినది వెతుక్కోండి, చాలు.