చంద్రుడికి ముందున్న మాట ఏమిటి?

తార్నాక అనువాదకుడు:
పిల్లల పత్రికకు ఒక వ్యాసం తెనిగిస్తున్నాను. నక్షత్రం కాబోయి కాలేక చల్లారిపోతున్న 'గోధుమ మరుగుజ్జుల' గురించి. ఆ మాట రాసినప్పటి నుంచి పోతన వామనుడు వదలడం లేదు. 'తోయదమండలాగ్రమున కల్లంతై' దాకా వస్తాను, ఆపైన 'చంద్రుని కంతయై'కి దూకేస్తాను. నడుమ ఏదో జారింది. పుస్తకం అటక మీద, నిచ్చెన పక్కింట్లో. పనిలో పని, 'వామన తార' అంటే ఎలా ఉంటుంది?

చిక్కడపల్లి పాఠకుడు:
'ప్రభారాశిపై నంతై'. నిచ్చెన అక్కర్లేదు. కానీ ప్రభారాశి అంటే సూర్యుడని అందరూ సరిపెట్టుకుంటారు. సూర్యుణ్ని దాటాక చంద్రుడు వస్తాడా? అది సూర్యుడు కాదు, మేఘాల పైన వెలుగు పోగుపడే చోటు అని నా నమ్మకం.

విశ్రాంత పండితుడు:
పోగూ లేదు, చోటూ లేదు, సూర్యుడే. చంద్రుడు సూర్యుడికి లక్ష యోజనాల పైన ఉంటాడని భాగవతం పంచమ స్కంధం చెబుతూనే ఉంది. పోతన లెక్క తప్పలేదు.

చిక్కడపల్లి పాఠకుడు:
మాష్టారూ, తెలుగులో పంచమ స్కంధం రాసింది గంగన కదా!

విశ్రాంత పండితుడు:
తెలుసు నాయనా. నేను చెప్పింది వ్యాసుడి లెక్క. పోతన చదివింది గంగనను కాదు.

నౌబత్ పహాడ్ సందర్శకుడు:
వామనుడు కుదరడండీ. ఆయన 'ఇంతింతై' పెరిగాడు, ఇవి పెరగవు. ద్రవ్యరాశి గురుడికి 13 రెట్ల నుంచి దాదాపు 80 రెట్ల దాకా ఉన్నా, చూడబోతే గురుడంతే ఉంటాయి. లోపల హైడ్రోజన్ నిలకడగా మండే వేడి పుట్టదు, అందుకని జీవితమంతా చల్లారడమే. 2014లో బయటపడిన వైజ్ 0855 అనే మరుగుజ్జును చూడండి. మనకు 7 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం, ఆశ్లేష ఉన్న తారామండలంలోనే. పైపొర మన ఒంటికన్నా చల్లన! అందులో నీటి ఆవిరి దొరికింది. నీటి మంచు మబ్బులు ఉన్నాయా లేవా అని ఇంకా వాదిస్తున్నారు. ఉంటే మీ తోయదమండలం అక్కడే.

తార్నాక అనువాదకుడు:
అలాగైతే 'కుబ్జ తార'? ఇంధనం అయిపోయిన నక్షత్రపు శేషానికి శ్వేత కుబ్జం అని వాడుకలో ఉన్నదే.

విశ్రాంత పండితుడు:
ఆ వాడుకే తప్పు. కుబ్జ అంటే గూని. పొట్టివాణ్ని అమరకోశం 'ఖర్వో హ్రస్వశ్చ వామనః' అంది. మధురలో కృష్ణుడు చుబుకం పట్టి నిలబెట్టింది కుబ్జను, పొట్టిదాన్ని కాదు. ఆ నక్షత్రాలకు గూని ఎక్కడిది?

ప్రూఫ్‌రీడరు:
మరుగుజ్జులో గుజ్జు ఎక్కడిది మాష్టారూ? కుబ్జకు ప్రాకృతం ఖుజ్జ, అదే మనకు గుజ్జు అయింది. గూనిని ముందు గుమ్మంలో తోసేసి పెరటి గుమ్మంలో పిలిచాం.

విశ్రాంత పండితుడు:
ఖుజ్జ సరే. ముందున్న 'మరు' సంగతి తేల్చండి.

ప్రూఫ్‌రీడరు:
'మరు' అంటే 'మఱి'. మరీ పొట్టి.

విశ్రాంత పండితుడు:
మఱిలో ఉన్నది బండి ఱ. మరుగుజ్జులో అది ఉందని ఏ ప్రతిలో చూశారు?

చిక్కడపల్లి పాఠకుడు:
నన్నడిగితే 'గోధుమ' ఇంకా పెద్ద తప్పు. గోధుమవన్నె అంటే మేని ఛాయ, పెళ్లిచూపుల మాట. అది కాస్త వెలుతురున్న రంగు. ఈ చల్లారిన సరుకుకు కపిలమో, చామనచాయో నప్పుతుంది. ప్రభారాశి సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.

నౌబత్ పహాడ్ సందర్శకుడు:
అసలవి ఆ రంగులో ఉండవు. 1960లలో ఖగోళ శాస్త్రవేత్త శివ్ కుమార్ లెక్కకట్టి నల్ల మరుగుజ్జు అన్నారు. ఆ పేరు చల్లారిన శ్వేత కుబ్జాలకు పోతుందని 1975లో మరో ఖగోళ శాస్త్రవేత్త జిల్ టార్టర్ ఎరుపుకూ నలుపుకూ నడిమి రంగు చూసి ఈ పేరు పెట్టారు. కంటికి ఎర్రగానో, వంకాయరంగు కలిసిన ఎరుపుగానో కనిపిస్తాయట.

ప్రూఫ్‌రీడరు:
వంకాయ మరుగుజ్జు! పిల్లలు మరచిపోరు. ఇంతకీ తార, నాకం రెండూ ఉన్న పేటలో కాపురముండి మాట దొరకలేదంటారేమిటండీ?

తార్నాక అనువాదకుడు:
పేజీ రేపు ఉదయం వెళ్లాలి. 'నివురు తార' అని రాసేశాను, నివురుగప్పిన నిప్పు కదా. ఎవరికైనా అభ్యంతరమా?

విశ్రాంత పండితుడు:
నివురు గప్పితే లోపల నిప్పు రాజుకుంటూ ఉండాలి. ఇక్కడ నిప్పే నిలవదంటున్నారు. అది పక్కన పెట్టండి. 'అల్లంతై'లో 'అల్ల' చూపుడు మాటా, కొలత మాటా?

చిక్కడపల్లి పాఠకుడు:
చూపుడే. చెయ్యెత్తి చూపిస్తూ చదవాలి.

ప్రూఫ్‌రీడరు:
కొలతే.