సలహాల పెట్టెలో ఒక్క ఐడియా కూడా రావడం లేదు, ఏం చేయాలి?

పాశమైలారంలో ప్లాస్టిక్ విడిభాగాల యూనిట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా చేస్తున్నాను. గేటు పక్కన సలహాల పెట్టె పెట్టాం. నెల తర్వాత తెరిస్తే క్యాంటీన్ మీద ఫిర్యాదు తప్ప ఏమీ లేదు. మా కుర్రాళ్ళకి ఐడియాలు లేక కాదు. మౌల్డ్ నుంచి ట్రేలో పడేటప్పుడు పార్టులకి గీతలు పడుతున్నాయని ఒక ఆపరేటర్ తనే ఫోమ్ ముక్క పరిచాడు. రిజెక్షన్ తగ్గింది. పై ఆఫీసర్ రౌండ్‌కి వచ్చి "ఎవడు పెట్టమన్నాడు?" అని అందరి ముందూ తీయించేశాడు. అప్పటి నుంచి అతనే కాదు, లైన్‌లో ఎవరూ నోరు విప్పడం లేదు. వీళ్ళని మళ్ళీ మాట్లాడించడం ఎలా?

జవాబు 1
అన్నా, పెట్టె సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఫోమ్ ముక్క అందరూ చూస్తుండగా మళ్ళీ పెట్టించండి. టయోటా 1951లోనే కార్మికుల సలహాల పద్ధతి మొదలుపెట్టింది. వాళ్ళ లైన్‌లో ఆండాన్ అనే హెచ్చరిక తాడు (ఇప్పుడు కొన్నిచోట్ల బటన్) ఉంటుంది. లోపం కనిపిస్తే ఆపరేటరే లాగుతాడు, టీమ్ లీడర్ వెంటనే వచ్చి చూస్తాడు, అప్పటికీ తేలకపోతే లైన్ ఆగుతుంది. ఎందుకు లాగావని తిట్టకపోవడమే అందులో అసలు సంగతి. నేను ఇంతకుముందు చేసిన చోట తాడు కట్టారు, లాగినవాడికి మెమో ఇచ్చారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నవాళ్ళే లేరు.

జవాబు 2
తిట్లు ఆగితే సరిపోదండీ, టైమ్ కూడా ఇవ్వాలి. 3ఎం కంపెనీ 1948 నుంచి ఉద్యోగులకి పనివేళలో 15 శాతం సొంత ఆలోచనల మీద పెట్టుకునే వీలిచ్చింది. పోస్ట్-ఇట్ కాగితాలు అలా వచ్చినవే. గంటకి ఇన్ని పీసులని టార్గెట్ పెట్టి, ఊపిరాడనివ్వకుండా కొత్తగా ఆలోచించమంటే ఎలా? షిఫ్ట్‌లో కాసేపైనా లైన్ దిగి మాట్లాడుకోనివ్వండి.

జవాబు 3
నేను క్వాలిటీలో చేస్తాను. కస్టమర్ ఒప్పుకున్న ప్రాసెస్‌లో రాతపూర్వకంగా లేని మార్పు కనిపిస్తే ఆడిట్‌లో పట్టుకుంటారు, ఆఫీసర్ భయం అదే అయ్యుండొచ్చు. కానీ దానికి కేకలెందుకు? మార్పుని పరీక్షించి ఫలితం రాసే ట్రయల్ షీటు తెరిచి, ఐడియా ఇచ్చినవారి దగ్గర ఆపరేటర్ పేరు రాయండి. ఫలితం వచ్చాక మొదట అతనికే చూపించండి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో చెప్పండి. జవాబే రాని సలహా రెండోసారి ఎవరూ ఇవ్వరు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ థాంక్స్. ట్రయల్ షీటు దారి మా దగ్గర కుదురుతుంది, రేపు ఆఫీసర్‌తో నేనే మాట్లాడతాను. క్వాలిటీ సార్, ఫోమ్ ఉన్న ట్రే, లేని ట్రే పక్కపక్కన పెట్టి ఒకే మౌల్డ్ పీసులు పోల్చితే ఆడిట్‌కి సరిపోతుందా?