సెల్ఫ్ గేరు పళ్ళు విరిగితే వెల్డింగ్ చేయించాలా, కొత్తది వేయాలా?

చిట్యాల బండి:
అందరికీ నమస్తే. నాది 150 సీసీ బండి, కొని 11 ఏళ్ళయింది, 74 వేల కిలోమీటర్లు తిరిగింది. సెల్ఫ్, కిక్ రెండూ ఉన్నాయి. పోయిన సోమవారం పొద్దున సెల్ఫ్ కొడితే లోపల టక్కుమని ఒక దెబ్బ వినపడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా మోటార్ గర్రుమని తిరుగుతుందే గానీ ఇంజన్ కదల్లేదు. కిక్ కొడితే స్టార్ట్ అయింది. అలాగే నల్గొండ దాకా నడుపుకుంటూ వెళ్ళి, గడియారం సెంటర్ దగ్గర తెలిసిన మెకానిక్‌తో ఎడమ సైడ్ కవర్ విప్పించాను. సెల్ఫ్ మోటార్‌కూ మాగ్నెట్ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) వెనక ఉండే పెద్ద గేరుకూ మధ్య ఒక జంట గేరు ఉంటుంది కదా, దాని చిన్న వైపు వరసగా మూడు పళ్ళు లేవు.

మెకానిక్ ఏమో మధ్య గేరు, పెద్ద గేరు రెండూ కొత్తవే వేయాలి, సరుకుకే 2,600 అవుతుంది, హైదరాబాద్ నుంచి రావడానికి ఐదు రోజులు పడుతుంది అంటున్నాడు. పక్క వీధిలో లేత్ షాపాయన గేరు చూసి, వెల్డింగ్‌తో పళ్ళు నింపి అరగదీసి ఇస్తాను, 400 ఇవ్వు చాలు అన్నాడు. ఇద్దరి మీదా నమ్మకం ఉంది. బండి మీదే రోజూ డ్యూటీకి పోవాలి. ఏం చేయమంటారు?

మహబూబ్‌నగర్ షెడ్డు:
అన్నా, వెల్డింగ్ వద్దు. 17 ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్నాను, వెల్డింగ్ చేసిన సెల్ఫ్ గేర్లు మళ్ళీ విరిగి నా దగ్గరికే వచ్చాయి.

ఆ మాట పక్కన పెట్టి ముందు ఇది చెప్పండి. విరిగిన మూడు పళ్ళూ మీ చేతికి వచ్చాయా? మీ బండిలో ఈ గేర్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. పళ్ళు దొరకలేదంటే ఇంకా లోపలే ఉన్నాయని అర్థం. గేరు వెల్డింగ్‌దైనా కొత్తదైనా ఆ ఇనుప ముక్క మళ్ళీ రెండు గేర్ల మధ్య పడిందంటే ఈసారి సైడ్ కవరే పగులుతుంది. కిక్ కొట్టి నల్గొండ దాకా నడపడం కూడా తప్పే. ఇకనైనా నడపకండి.

మిర్యాలగూడ లేత్:
షెడ్డు అన్న చెప్పిన రెండో మాటతో ఏకీభవిస్తాను. మొదటి మాటతో కాదు.

మా ఊళ్ళో రైస్ మిల్లులు ఎన్నో మీకు తెలుసు. మిల్లులో ఎలివేటర్ గేరు పన్ను విరిగిందని కొత్త గేరు కోసం వారం ఆగితే ఒడ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. మా నాన్న కాలం నుంచీ పళ్ళు నింపి ఇస్తున్నాం. విరిగిన చోట నల్లటి పొర అంతా పోయేదాకా గ్రైండింగ్ చేయాలి. గేరును ముందే వేడి చేయాలి. ఆరబెట్టిన మంచి రాడ్డుతో కొంచెం కొంచెంగా నింపాలి. తర్వాత నీళ్ళలో ముంచకుండా పొడి సున్నంలో పూడ్చి రాత్రంతా చల్లారనివ్వాలి. మర్నాడు మిల్లింగ్ మిషన్ మీద పన్ను కోయాలి. ఇంత పని చేసిన గేరు ఏళ్ళ తరబడి తిరుగుతుంది. వెల్డింగ్ అనగానే చెత్త పని అనేస్తే మా పనితనానికి విలువ లేనట్టే. అయితే ఒక మాట. ఇదంతా 400కి ఎవరూ చేయరు. 400 అన్నారంటే రాడ్డు పెట్టి నింపి, ఆకురాయితో చేతి అంచనాగా రాస్తారు. ఆ పని నేనూ వద్దంటాను.

వనపర్తి డిప్లొమా:
మా వనపర్తి పాలిటెక్నిక్ పాత సంస్థానం ప్యాలెస్‌లో నడుస్తుంది. అక్కడే మెకానికల్ చదివాను. వర్క్‌షాప్‌లో మా సార్ మొదట చెప్పిన సంగతే ఇక్కడ పనికొస్తుంది.

మిల్లు గేరు, సెల్ఫ్ గేరు ఒకటి కావు. మిల్లు గేర్లు ఎక్కువగా పోత ఇనుమువో మామూలు ఉక్కువో ఉంటాయి, పన్ను బొటనవేలంత ఉంటుంది, నిదానంగా తిరుగుతుంది. సెల్ఫ్ గేరు పన్ను ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లే. దాన్ని కేస్ హార్డెనింగ్ చేసి ఉంటారు. అంటే పైన పలచని పొర మాత్రం చాలా గట్టిగా, రాక్‌వెల్ సి కొలతలో 58 నుంచి 62 దాకా ఉంటుంది. లోపలి ఉక్కు దానికంటే మెత్తగా, దెబ్బను తట్టుకునేలా ఉంటుంది. పైపొర అరుగుదలను ఆపితే లోపలి భాగం విరగకుండా కాపాడుతుంది. వెల్డింగ్ వేడికి ఈ రెండూ పోతాయి. నింపిన పన్ను మెత్తబడుతుంది, దాని పక్కనే వేడి తగిలి త్వరగా చల్లారిన చోట పెళుసుబారుతుంది. అందుకే వెల్డింగ్ గేరు చాలాసార్లు నింపిన చోట కాకుండా పక్క పన్ను దగ్గర విరుగుతుంది. సున్నంలో పూడిస్తే పెళుసుదనం తగ్గుతుంది, నిజమే, కానీ పోయిన గట్టిదనం తిరిగి రాదు. చిన్న గేరు కాబట్టి వేడి అన్ని పళ్ళకూ పాకుతుంది, అంటే మిగిలిన మంచి పళ్ళు కూడా దెబ్బతింటాయి.

మూడు గేర్లలో అన్నిటికంటే ఎక్కువ బరువు మోసేది కూడా ఈ చిన్న వైపు పళ్ళే. గేర్లు మోటార్ వేగాన్ని తగ్గించేకొద్దీ బలం పెరుగుతుంది కదా, ఆ పెరిగిన బలమంతా ఇక్కడి నుంచే పెద్ద గేరుకు పోతుంది.

మిర్యాలగూడ లేత్:
పన్ను చిన్నదైతే కష్టమే, ఒప్పుకుంటాను. పక్క పళ్ళు మెత్తబడతాయన్నదీ నిజమే.

కల్వకుర్తి రైడర్:
నాకు జరిగింది చెప్తాను. నా బండికి కిక్ రాడ్డు లేదు. ఇప్పుడు వచ్చే బండ్లలో చాలా వాటికి అసలు ఉండటం లేదు. నిరుడు ఇదే గేరు పోతే 500 పెట్టి వెల్డింగ్ చేయించాను. నాలుగు నెలలు బాగానే ఉంది. శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ ఫోటో కోసం ఘాట్లో ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడితే అదే టక్కు. సాయంత్రం ఆరున్నర. రాత్రి తొమ్మిదికి అడవి చెక్‌పోస్టు గేటు మూసేస్తారు. వెనక మా ఆవిడ, చేతిలో చిన్నపాప. బండిని పల్లంలోకి దొర్లించి, సెకండ్ గేరులో క్లచ్ వదిలి స్టార్ట్ చేసి, ఇంటికి చేరేదాకా ఎక్కడా ఆపలేదు. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. కిక్ లేని బండికి వెల్డింగ్ చేయించమని ఎవరికీ చెప్పను.

అచ్చంపేట రైతు:
అందరూ కొత్తది వేయమంటున్నారు, బాగుంది. మరి కొత్తది దొరకని బండి సంగతి? నా బండి మోడల్ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. హైదరాబాద్ పుత్లీబౌలిలో ఒక్కో దుకాణం ఎక్కి దిగాను, లేదన్నారు. స్క్రాప్‌లో ఒకటి చూపించారు, దాని పళ్ళు నావాటికంటే అరిగి ఉన్నాయి. చివరికి ఒక గేర్ల షాపులో కొత్త గేరే కోయించాను, ఈఎన్ 353 ఉక్కుతో. కోశాక కేస్ హార్డెనింగ్‌కు పంపించారు. 1,900 అయింది. మూడేళ్ళుగా రోజూ వాడుతున్నా, మళ్ళీ విప్పలేదు. రిపేరా, రీప్లేసా అని రెండే దారులు పెట్టి అడిగితే మాలాంటి వాళ్ళకు జవాబు దొరకదు.

వనపర్తి డిప్లొమా:
రైతు అన్న చేసిందే సరైన పని. కోయించాలనుకునే వాళ్ళకు ఒక సంగతి. పాత గేరు బయటి వ్యాసాన్ని, పళ్ళ సంఖ్యకు రెండు కలిపి వచ్చిన అంకెతో భాగిస్తే మాడ్యూల్, అంటే పన్ను సైజు చెప్పే అంకె, వస్తుంది. 15 పళ్ళు, 34 మిల్లీమీటర్లు అయితే 34ను 17తో భాగించి, మాడ్యూల్ 2 అని. అయితే సెల్ఫ్ గేర్లలో పళ్ళ ఆకారాన్ని కొంచెం జరిపి కోస్తుంటారు, అప్పుడు లెక్క సరిగ్గా కుదరదు. కాబట్టి కాగితం మీద రాసుకున్న కొలత సరిపోదు. పాత గేరును, దానితో కలిసి తిరిగే పెద్ద గేరును రెంటినీ పట్టుకెళ్ళాలి.

దేవరకొండ శ్రీను బ్రదర్:
ఇంజన్ ఆన్‌లో ఉండగా తెలియక సెల్ఫ్ నొక్కితేనే పళ్ళు విరుగుతాయి. మీరూ అలా నొక్కే ఉంటారు.

మహబూబ్‌నగర్ షెడ్డు:
తమ్మీ, ఈ మాట చాలామంది అంటారు, కారు విషయంలో చాలావరకు సరైనదే. కారులో మోటార్ గేరు బయటికి దూకి తిరుగుతున్న చక్రాన్ని తాకుతుంది, పళ్ళు కోసుకుపోతాయి. ఈ బండ్లలో మూడు గేర్లూ ఎప్పుడూ కలిసే ఉంటాయి. పెద్ద గేరు దగ్గర వన్ వే క్లచ్ ఉంటుంది. ఇంజన్ ముందుకు వేగంగా తిరిగితే అది పట్టు వదిలేస్తుంది, దెబ్బ గేర్ల దాకా రాదు.

పళ్ళు విరిగేది ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు. బ్యాటరీ వీక్‌గా ఉంటే సెల్ఫ్ ఇంజన్‌ను ఈడ్చుకుంటూ తిప్పుతుంది. పిస్టన్ పైకి పూర్తిగా రాకముందే స్పార్క్ పడి పేలితే క్రాంక్ వెనక్కి తిరుగుతుంది. ఆ వైపు వన్ వే క్లచ్ గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మోటార్ ముందుకు, ఇంజన్ వెనక్కి లాగుతాయి. మధ్యలో నలిగేది ఈ చిన్న పన్నే. చిట్యాల అన్నా, మీ బండి పొద్దున పూట చల్లగా ఉన్నప్పుడు విరిగింది. బ్యాటరీ ఎన్నాళ్ళ కింద మార్చారు? సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ ఎంతకు పడుతుందో చూపించుకోండి. మధ్య గేరు ఇరుసు కూడా చేత్తో పట్టి కదిపి చూడండి. కారణం దొరక్కుండా కొత్త గేరు వేసినా 2,600 నీళ్ళపాలే.

చిట్యాల బండి:
మీరు చెప్పినట్టే నిన్న సెలవు పెట్టి మళ్ళీ షాపుకు వెళ్ళి దగ్గర కూర్చుని చూశాను. వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదటిసారి విప్పినప్పుడు కవర్ అడుగున ఒక పన్ను దొరికింది, మెకానిక్ దాన్ని పారేయకుండా ఉంచాడు. మిగతా రెండు ఎక్కడ అని అడిగితే ఆయిల్‌తో పోయుంటాయి అన్నాడు. పుల్లర్ పెట్టి మాగ్నెట్ లాగించాను. దాన్ని తిరగేస్తే లోపల అయస్కాంతానికే అతుక్కుని ఉంది రెండో పన్ను, చుట్టూ మీసాల్లా ఇనుప రజను. మూడోది ఆయిల్ జాలీ విప్పితే దొరికింది, రెండు ముక్కలై. నాలుగు ముక్కలనూ పాత గేరు మీద విరిగిన చోట్ల పెట్టి చూశాం. రెండు పళ్ళు అతికినట్టు కూర్చున్నాయి. మూడోదానికి ఒక అంచు, గోరు కొనంత, లేదు. ఇంజన్‌లో పాత ఆయిల్ పోసి తిప్పి వంచాం, గుడ్డలో వడగట్టాం. రెండోసారి వంచినప్పుడు అదీ వచ్చింది. అది దొరికేదాకా మెకానిక్ కూడా భోజనానికి లేవలేదు, ఆయనకు ఎంత చెప్పినా తక్కువే.

విరిగిన చోటు టార్చి వేసి చూశాను. రెండు పళ్ళు తెల్లగా, చక్కెర పలుకుల్లా గరుకుగా ఉన్నాయి. మధ్య పన్ను మాత్రం సగం నల్లగా నున్నగా ఉంది, సగం తెల్లగా. అంటే ఆ పన్ను ఎప్పుడో పగిలి, పగులులోకి ఆయిల్ దిగి, మొన్న పూర్తిగా ఊడిందన్నమాట. పగులు పన్ను మూల నుంచి మొదలైంది. ఎందుకంటే ఇరుసు కూర్చునే రంధ్రం కవర్ వైపు కోలగా అరిగిపోయింది. ఇరుసును వేలితో కదిపితే టిక్కు టిక్కుమని ఆడుతోంది. గేరు వంకరగా తిరిగి బరువంతా మూల మీదే పడింది. బ్యాటరీకి నాలుగేళ్ళు. సెల్ఫ్ కొడితే 8.7 వోల్టులకు పడుతోంది.

వనపర్తి డిప్లొమా:
అయితే బ్యాటరీ పని అయిపోయింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడకూడదు. ఆ రంధ్రం సరిచేయకుండా ఏ గేరు వేసినా ఇదే తంతు.

చిట్యాల బండి:
నా నిర్ణయం ఇది. మధ్య గేరు, ఇరుసు కొత్తవి తెప్పిస్తున్నాను. వెల్డింగ్ చేస్తానన్న లేత్ షాపాయనకే కవర్ ఇచ్చాను, రంధ్రాన్ని గుండ్రంగా పెద్దది చేసి గన్‌మెటల్ బుష్ (కంచు గొట్టం) దిగ్గొట్టి ఇస్తానన్నాడు. బ్యాటరీ కొత్తది. ఇన్నీ చేశాక పెద్ద గేరుకు డబ్బు మిగలడం లేదు. దాని పళ్ళను ఒక్కొక్కటే చూశాం, పగుళ్ళు లేవు, మూడు పళ్ళ అంచులు మాత్రం కొంచెం నలిగాయి. అది అలాగే ఉంచుతున్నాను. వస్తువులు వచ్చేదాకా మధ్య గేరు బయటికి తీసేసి, మామూలు కవర్ బదులు మెకానిక్ దగ్గరున్న పాత కవర్ బిగించి, కిక్ మీద నడుపుతున్నాను.

మహబూబ్‌నగర్ షెడ్డు:
పెద్ద గేరు కూడా మార్చండి అన్నా. నలిగిన అంచు కొత్త గేరు పళ్ళను తింటుంది. మధ్య గేరు వేయడానికి కవర్ ఎలాగూ విప్పుతారు, అప్పుడే మాగ్నెట్ కూడా లాగితే సరి, తర్వాత మళ్ళీ విప్పితే మజూరీ, ప్యాకింగ్, ఆయిల్ అన్నీ డబుల్. నెల రోజులు కిక్ మీద నడిపి డబ్బు చేరాక రెండూ కలిపి వేయడం నయం.

మిర్యాలగూడ లేత్:
ఇక్కడ నేను షెడ్డు అన్నతో కలవను. నలిగిన అంచుల్ని సన్నటి ఆయిల్ రాయితో రాస్తే చాలు, పగులు లేని గేరును పారేయడం దండగ. బుష్ దిగ్గొట్టాక మాత్రం కవర్ బిగించి, గేరు చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా తిరుగుతోందో లేదో మీరే చూసుకోండి.

ఇంకో మాట, ఆ పాత మధ్య గేరు పారేయకండి. బస్సులో పార్సిల్ వేయండి, ఛార్జీ నేనే ఇస్తాను. కొలతలు తీసి పెట్టుకుంటాను. ఈ మోడల్ సరుకు కూడా ఇంకో మూడు నాలుగేళ్ళలో దొరకడం కష్టమే, అప్పుడు అచ్చంపేట అన్నలాగా ఎవరో ఒకరు కోయించుకోవడానికి వస్తారు.

చిట్యాల బండి:
రేపు పొద్దున మిర్యాలగూడ బస్సుకే వేస్తాను అన్నా. విరిగిన పళ్ళు కూడా పొట్లం కట్టి పెడుతున్నాను. పెద్ద గేరు సంగతి జీతం వచ్చేదాకా ఆలోచిస్తాను.