ఎల్క్ వేటకు ఏ కత్తి: బ్లేడు మార్చుకునేదా, స్థిరమైనదా?

డెన్వర్ వాసి
ఈ అక్టోబరు రైఫిల్ సీజనుకు కొలరాడోలో ఆడ ఎల్క్ (పెద్ద జాతి జింక) ట్యాగు, అంటే వేట అనుమతి, వచ్చింది. ఎల్క్ పడిపోయాక దానిని అక్కడికక్కడే ఒలిచి, ముక్కలు చేసి, కొన్ని మైళ్ళు వీపున మోసుకురావాలి. వేట శిక్షణలో ఒకరు బ్లేడు మార్చుకునే చాకు చాలన్నారు. దుకాణంలో మరొకరు నాలుగంగుళాల స్థిరమైన (బ్లేడు మడవని, మార్చని) కత్తి లేకుండా కొండ ఎక్కవద్దన్నారు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట లేదు కనుక ఇంటి పెద్దలను అడిగి తెలుసుకునే అవకాశం నాకు లేదు. ఒక్కటే కొనాలనుకుంటున్నాను. ఏది కొనమంటారు?

కొండదారి
బ్లేడు మార్చుకునే చాకుకే నా ఓటు. కత్తిని మొద్దుబార్చేది మాంసం కాదు, వెంట్రుకలూ వాటిలో చిక్కుకున్న మట్టీ. ఎంత మంచి ఉక్కయినా సగం తోలు ఒలిచేసరికి పదును తగ్గుతుంది. అప్పుడు తలకు కట్టుకున్న దీపం వెలుగులో, గడ్డకట్టిన వేళ్ళతో సానపడుతూ కూర్చోవడం కంటే హావలాన్ పిరాంటా వంటి చాకుకు కొత్త బ్లేడు తొడుక్కోవడం ఎంతో నయం. అదనపు బ్లేడులతో కలిపినా అది జేబులో ఉన్నట్టే తెలియదు. పైగా పదును తగ్గిన కొద్దీ మనం బలం ఎక్కువ వాడతాం, చేయి జారి తెగేది అలాంటప్పుడే.

సానరాయి
కొండదారి గారు వెంట్రుకల గురించి చెప్పినది నిజమే. అయితే తోలును వెంట్రుకల వైపు నుంచి కోయకుండా, చిన్న గాటు పెట్టి, వాదరను పైకి తిప్పి, లోపలి నుంచి బయటికి చీల్చుకుంటూ వెళితే ఆ సమస్య చాలావరకు ఉండదు.

అసలు ఇబ్బంది తుంటి దగ్గర వస్తుంది. ఇప్పుడు చాలామంది ఎల్క్ పొట్ట తెరవకుండానే, దానిని పక్కకు పడుకోబెట్టి, వెన్ను పొడవునా తోలు చీల్చి, ఒక్కో కాలినీ విడదీస్తున్నారు. ముందరి కాలిని వేరు చేయడం తేలిక. దాని భుజం ఎముక మొండేనికి కీలుతో అతుక్కుని ఉండదు, మధ్యనున్న కండను కోస్తే చాలు, కాలు ఊడి వస్తుంది. వెనుక కాలు అలా కాదు. తొడ ఎముక గుండు తుంటి గుంటలో గట్టిగా కూర్చుని ఉంటుంది, దానిని పట్టి ఉంచే లిగమెంటును (ఎముకలను కలిపే పట్టీని) తెంచాలంటే మొనను ఇరుకులోకి పోనిచ్చి కాస్త తిప్పాలి. మిల్లీమీటరు మందం కూడా లేని బ్లేడు నిలువుగా కోయడానికే పనికొస్తుంది, పక్కకు వంచితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క మాంసంలో దాగిందంటే, చీకట్లో వెతికి దొరకకపోతే, ఆ తొడను ఇంట్లో పిల్లలకు వండిపెట్టగలమా?

అందుకే మూడున్నర నుంచి నాలుగంగుళాల స్థిరమైన కత్తి కొనుక్కోండి. అమెరికన్ కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్ ప్రాచుర్యంలోకి తెచ్చిన డ్రాప్ పాయింట్ ఆకారం ఈ పనికి బాగా నప్పుతుంది. కత్తి వీపు, అంటే పదును లేని అంచు, మొన వైపు కిందికి వంగి ఉండటం వల్ల తోలు కింద చూపుడు వేలు పెట్టి నడిపించవచ్చు. ఆరంగుళాల కత్తులు చూడటానికి ఘనంగా ఉంటాయి కానీ, లోపల మొన ఎక్కడుందో చేతికి తెలియదు.

ఆస్టిన్ మిత్రుడు
టెక్సాస్‌లో తెల్లతోక జింకలకు మేము మార్చుకునే బ్లేడే వాడతాం, ఏ లోటూ లేదు. కానీ జింకను బండిలో వేసుకుని శిబిరానికి తెచ్చి, వేలాడదీసి, వెలుతురులో ఒలుస్తాం. రెండు వందల కిలోలు దాటగల ఆడ ఎల్క్‌కు ఈ అనుభవాన్ని వర్తింపజేయమని నేను చెప్పను.

కొండదారి
విరిగేది వంచినప్పుడే కదా, వంచకూడదని తెలిసినవారికి ఆ భయం ఎందుకు? అవుట్‌డోర్ ఎడ్జ్ రేజర్‌లైట్ లాంటివాటిలో బ్లేడు వీపుకు ఉక్కు ఆధారం కూడా ఉంటుంది. మరో సంగతి, 1967లో ఫోర్ట్ కాలిన్స్‌లో తొలిసారి గుర్తించిన, జింకలకు, ఎల్క్‌లకు సోకే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి ఇప్పుడు కొలరాడో అడవుల్లో ఉంది. దానికి కారణమైన ప్రియాన్ (వికృతమైన ప్రోటీన్) వంట వేడికి నశించదు. వాడిన బ్లేడును డబ్బాలో వేసి ఇంటికి తెచ్చి పారేయవచ్చు. స్థిరమైన కత్తిని ఏం చేస్తారు?

సానరాయి
మీ పిడిని కూడా పారేస్తారా? రక్తం, కొవ్వు చేరేది బ్లేడు తొడిగే సందులోకే. స్థిరమైన కత్తినైతే ముందు బాగా కడిగి, నలభై శాతం ఇంటి బ్లీచు కలిపిన నీటిలో అయిదు నిమిషాలు ఉంచితే ఉక్కు పైభాగాన ఉన్న ప్రియాన్‌ను నిర్వీర్యం చేయవచ్చని పరిశోధన చెబుతోంది. అయినా వెన్నుపాము, మెదడు జోలికి కత్తిని పోనివ్వకపోవడం, చేతులకు తొడుగులు వేసుకోవడం, మాంసం తినేలోపు పరీక్షకు పంపడం కత్తి రకం కన్నా ముఖ్యం. 1964 నుంచి అమ్ముతున్న బక్ 110 వంటి మడత చాకులకూ ఈ సందు సమస్యే ఉంది, లేకపోతే నేను కాదనను.

డెన్వర్ వాసి
ఉక్కు సంగతి? పొట్ట చీల్చే కొక్కెం ఉన్నది తీసుకోనా?

సానరాయి
కొక్కెం వద్దు. పొట్ట తెరవని పద్ధతిలో దాని అవసరం తక్కువ, వెంట్రుకలు ఇరుక్కుంటే సానపట్టడం కష్టం. ఎస్30వి ఉక్కు పదును ఎక్కువసేపు నిలుపుతుంది, కానీ అందులోని వెనేడియం అనే లోహం వల్ల మామూలు రాయికి త్వరగా లొంగదు, వజ్రపు సాన కావాలి. 420హెచ్‌సి అనే ఉక్కు త్వరగా మొద్దుబారినా, కొద్దిపాటి రుద్దుడుతో మళ్ళీ పదునెక్కుతుంది. కొత్తవారికి నేను దానినే చెబుతాను. పిడి నారింజ రంగుది చూడండి, మంచులో, గడ్డిలో కత్తి పోగొట్టుకోవడం చాలా తేలిక.

కొండదారి
సరే, తుంటి కీలు విషయంలో ఒప్పుకుంటాను. కానీ తోలు ఒలవడంలో నా మాట నాదే. రెండు కత్తులు తీసుకువెళ్ళండి, కలిపినా బరువు పెద్దగా పెరగదు.

సానరాయి
ఆయన అడిగింది ఒక్కదాని గురించి. ఒక్కటే అయితే స్థిరమైనదే, తోడుగా జేబులో సానపట్టడానికి చిన్న సిరామిక్ కడ్డీ. సీజను లోపు హలాల్ దుకాణంలో మేక వెనుక తొడను తుంటి ఎముకతో సహా ఇవ్వమని అడిగి, ఆ కీలును కొత్త కత్తితో కళ్ళు మూసుకుని విడదీయగలిగేదాకా సాధన చేయండి. మాంసం ఎలాగూ కూరకు పనికొస్తుంది.