లెఖ్ లెఖా: ‘కో’ అందామా, ‘పో’ అందామా?

అందరికీ నమస్కారం. ఒక హీబ్రూ మాట రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది. తెలుగులో ఎలా చెప్పాలో మీరే తేల్చాలి.

నేను ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌ని. నేను చూసుకునే పెద్దాయనకి ఎనభై దాటాయి. సబా అని పిలుస్తాను, ఇక్కడ తాతని అలాగే అంటారు. శుక్రవారం దీపాలు పెట్టే వేళ కాకముందే, మర్నాడు సినగాగులో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, చదివే తోరా భాగం ఆయన ఒకసారి చూసుకోవాల్సిందే. (తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: తోరా అంటే మోషే ఐదు పుస్తకాలు. వాటిని 54 భాగాలు చేసి, వారానికొకటి, కొన్ని వారాల్లో రెండు కలిపి, ఏడాదిలో ముగిస్తారు. ముగించిన రోజే మళ్ళీ ఆదికాండం మొదలు. ఒక్కో భాగాన్ని పరషా అంటారు. దాని పేరు మొదట్లో వచ్చే మాటల్లోంచే తీస్తారు.) ఈ వారం మూడో పరషా, ఆదికాండం 12 నుంచి. పేరు లెఖ్ లెఖా. అబ్రామును దేవుడు ఇల్లు వదిలి బయల్దేరమనే చోటు.

సబా పుస్తకంలో పేజీకి రెండు నిలువు వరసలు. ఒకదానిలో అక్షరాల కింద అచ్చుల గుర్తులుంటాయి. రెండోది సినగాగులోని తోలు చుట్టలో ఉన్నట్టే, గుర్తుల్లేకుండా. చదివేవాళ్ళు ప్రాక్టీస్ చేసుకోడానికన్నమాట. ఆయన గుర్తులున్న వరసని అరచేత్తో మూసి, ‘చదువు’ అన్నారు. రెండు మాటలూ అచ్చం ఒకేలా ఉన్నాయి. లామెద్ (‘ల’ అక్షరం) తల పైకి లేచింది, ఖాఫ్ (‘ఖ’ అక్షరం) తోక కిందికి దిగింది. పక్కన మళ్ళీ అదే లామెద్, అదే ఖాఫ్. ‘లెఖ్ లెఖ్’ అన్నాను. పగలబడి నవ్వారు. మొదటిది లెఖ్, అంటే వెళ్ళు. రెండోది లెఖా, అంటే నీకు, నీ కోసం. ‘వెళ్ళు నీకు’. ఇదేం వాక్యమండీ?

11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న తోరా వ్యాఖ్యాత రషీ, ‘నీ సంతోషానికి, నీ మేలుకి’ అని అర్థం చెప్పాడట. యూదుల మార్మిక గ్రంథం జోహర్‌లోనైతే నిన్ను నువ్వు దిద్దుకోడానికి అని ఉందట. మన పాత తెలుగు బైబిలు తీస్తే ‘నీవు లేచి... వెళ్లుము’ అని ఉంది. ‘నీకు’ ఎగిరిపోయింది, మూలంలో లేని ‘లేచి’ వచ్చి కూర్చుంది. లెఖాకి లేచి! చెవికి దగ్గరగా ఉంది కదా అని పెట్టలేదు కదా అనుకుని నవ్వుకున్నాను.

నాకు తట్టింది ఇది. ఈ లెఖా మన ‘కొను’ కాదా? వంట చెయ్యి అంటే ఎవరికైనా కావచ్చు, చేసుకో అంటే నీకే. నోవహుతో ఓడ సంగతి చెప్పేచోట హీబ్రూలో ఇదే లెఖా ఉంది. అక్కడ మనవాళ్ళు ‘నీకొరకు ఓడను చేసికొనుము’ అని చక్కగా పట్టుకున్నారు. సంఖ్యాకాండం 13లో కనానుకి వేగులవాళ్ళని పంపే పరషా పేరు షెలఖ్ లెఖా. అక్కడ మాత్రం ఉత్త ‘పంపుము’. రషీ ఏమంటాడంటే, ఇది దేవుడి ఆజ్ఞ కాదు, నీకు పంపాలనుంటే పంపు అనడం. అంటే అచ్చం మన ‘పంపుకో’! పంపుకుంటే పంపుకో, తర్వాత నన్ననకు, అనే విసురు అందులో ఉంది. వెళ్ళిన పన్నెండుమందిలో పదిమంది జనాన్ని బెదరగొట్టారు, దాంతో నలభై ఏళ్ళు ఎడారి పాలయ్యారు. పది ఆజ్ఞల రాతి పలకలు పగిలాక దేవుడు మోషేతో అన్నది కూడా ‘చెక్కుము’ కాదు, ‘చెక్కుకో’. పగలగొట్టింది నువ్వే, నువ్వే చెక్కుకో. రాలిన రవ్వలు కూడా నీవే, అవి నీలపురాయి ముక్కలు, వాటితోనే మోషే ధనవంతుడయ్యాడని రషీ చమత్కారం.

అన్నిచోట్లా కుదిరింది, అసలు చోట తప్ప. ‘వెళ్ళుకో’ అని ఎవరంటారు?

తెనాలి మాస్టారు: నాయనా, నీ ‘పంపుకో’కి నూటికి నూరు. కానీ హీబ్రూ వ్యాకరణం రాసినవాళ్ళు చలన క్రియల దగ్గర లెఖాని ‘నీ మేలుకి’ అనుకోరు. ఉన్నచోటి నుంచి తెంచుకుని కదలడాన్ని అది గట్టిపరుస్తుందంటారు. పరమగీతం 2:10లో ప్రియుడు పిలిచేటప్పుడూ ఇదే పోకడ, స్త్రీలింగంలో: లెఖీ లాఖ్. అక్కడ లాభమూ మేలూ ఏముంది? కాబట్టి ఇక్కడ నీకు కావలసింది ‘కొను’ కాదు, ‘పోవు’. వెళ్ళిపో. పడు, పడిపో, మారు, మారిపో. ఒక్క లెఖా చేసే పనిని మనం రెండు సహాయ క్రియలకి పంచాం.

జగిత్యాల తమ్ముడు: మాస్టారూ, తప్పనుకోవద్దు. వెళ్ళిపో అంటే గెంటేసినట్టుంటది. మా దిక్కు ఉత్త ‘పో’ అని సాగనంపరు. నేను మొదటిసారి దుబాయ్ పోయేటప్పుడు ‘పోతున్ననే అవ్వా’ అంటే గడపల్నే ఆపింది. ‘పోతున్న అనకు, పోయొస్త అను’ అన్నది. అన్నాక కానీ బ్యాగు ముట్టనియ్యలే.

విజయవాడ నుంచి ఒక సోదరి: ‘నీ దారి నువ్వు చూసుకో’ అంటే? కో ఉంది, వెళ్ళడమూ ఉంది.

తెనాలి మాస్టారు: కోపం కూడా ఉందమ్మా.

మొదట అడిగినవాడు: తమ్ముడి మాట దగ్గరే ఆగిపోయాను. ‘పోయి రా’లోని ‘రా’ లేదు కదా అబ్రాముకి! డెబ్బై ఐదేళ్ళ మనిషి, తండ్రి ఇంటికి తిరిగొచ్చే మాటే లేదు. అందుకే వెళ్ళిపో అన్నా చెల్లుతుందేమో. గెంటేసినట్టుంటే ఉండనీ.

కానీ లెఖ్ లెఖా తోరాలో ఇంకోసారి వస్తుంది, ఆదికాండం 22లో, కొడుకు ఇస్సాకును బలికి తీసుకుని మోరీయాకి వెళ్ళమన్నప్పుడు. అక్కడ అబ్రాహాము (అబ్రామే, తర్వాత వచ్చిన పేరు) ఆ చోటు దూరాన కనబడగానే పనివాళ్ళతో ‘మ్రొక్కి మరల మీ యొద్దకు వచ్చెదము’ అంటాడు. బలి ఇవ్వడానికి తీసుకెళ్తూ ‘వచ్చెదను’ అనలేదు, ‘వచ్చెదము’ అన్నాడు. మొదటిసారి లేని ‘వస్తాం’ రెండోసారి వచ్చింది, ఇద్దరికీ కలిపి. తమ్ముడి అవ్వ ఒప్పుకునే మాట.

ఇది సబాతో అన్నాను, నాకొచ్చిన హీబ్రూలో. సగం అర్థమైనట్టుంది. ‘అది వచ్చే శనివారం పరషా, ఇప్పుడు కాదు’ అని పుస్తకం మూసేశారు.