ఆన్ కాని జెరాక్స్ మిషన్: బోర్డు మార్చడమా, జబ్బు వెతకడమా?

మూడో అంతస్తు:
మా ఆఫీసులో పెద్ద జెరాక్స్ మిషన్ ఒకటి ఉంది. ప్రింటు, స్కాను అన్నీ దాంట్లోనే. శుక్రవారం సాయంత్రం గోడ దగ్గర స్విచ్ ఆపేసి వెళ్లాం. సోమవారం వచ్చి వేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫ్యాను తిరగదు, తెర నల్లగా ఉంది. పదిసార్లు ఆన్, ఆఫ్ చేస్తే ఒక్కసారి మాత్రం పచ్చలైటు రెప్పపాటు వెలిగి ఆరిపోయింది. అదే సాకెట్లో ఫోన్ ఛార్జర్ పనిచేస్తోంది కాబట్టి కరెంటు ఉన్నట్టే.

సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే మిషన్ మొహం కూడా చూడకుండా 'పవర్ సప్లై బోర్డు పోయింది, మార్చాలి' అన్నారు. మా అకౌంట్స్ ఆయనేమో 'ఫ్యూజు పోయుంటుంది, విప్పి చూద్దాం' అని స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరుగుతున్నారు. చూడకుండానే బోర్డు మార్చేయమనడం సబబేనా?

సర్వీసు బ్యాగు:
సబబే. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. మిషన్ పూర్తిగా చచ్చిపడి ఉందంటే ఎక్కువసార్లు దొరికేది పవర్ సప్లై బోర్డే, అంటే గోడ కరెంటుని మిషన్ లోపలి భాగాలకి తగ్గట్టు మార్చి ఇచ్చేది. మీ ఆఫీసులో కూర్చుని దాని మీద కరెంటు నిలవచేసే ఏ కెపాసిటర్ పోయిందో, కరెంటుని అదుపుచేసే ఏ రెసిస్టర్ పోయిందో వెతికితే పూట గడిచిపోతుంది. వెతికి ఒకటి మార్చామే అనుకోండి, నెల తిరక్కుండా దాని పక్కది పోతుంది. అప్పుడు తిట్లు తినేది కెపాసిటర్ కాదు, నేను. అకౌంట్స్ ఆయన చేతిలోంచి ఆ స్క్రూడ్రైవర్ మాత్రం దయచేసి తీసేసుకోండి.

ఎర్తు వైరు:
ఫోన్ ఛార్జర్ వెలిగితే సాకెట్ బాగున్నట్టు కాదండీ. ఛార్జర్ తాగేది నాలుగు చుక్కలు. మిషన్‌లో కాగితం మీద పొడిని కరిగించి అంటించే ఫ్యూజర్ ఉంటుంది, వేడెక్కేటప్పుడు అదొక్కటే 1000 వాట్ల దాకా లాగుతుంది. సాకెట్ వెనక న్యూట్రల్ వదులైతే మీటర్ పెట్టినప్పుడు 230 వోల్టులు నిక్షేపంగా కనిపిస్తాయి, లోడు పడగానే కూలబడతాయి. అదే సాకెట్లో ఇస్త్రీపెట్టె పెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. వేడెక్కిందా, ప్లగ్గు దగ్గర చిటపటలు లేవా, అప్పుడు ఒప్పుకుంటా. ఎక్స్‌టెన్షన్ బోర్డు మధ్యలో ఉంటే ముందు దాన్ని పక్కన పడేయండి.

ఇంకో రెండు. తెర పక్కనుండే బటన్ మిషన్‌ని నిద్ర లేపడానికే. అసలు స్విచ్ చాలా మోడళ్లలో ముందు తలుపు తీస్తే లోపల ఉంటుంది. ఊడ్చేవాళ్లు మిషన్ జరిపినప్పుడు వెనక వైరు సగం ఊడి వేలాడటం కూడా మామూలే. కొన్నింటికి వెనకవైపు చిన్న బ్రేకరు ఉంటుంది, అది పడిపోయిందేమో చూడండి.

మూడో అంతస్తు:
ఇస్త్రీపెట్టె దొరకలేదు, టీ కెటిల్ పెట్టాం. నీళ్లు సలసల మరిగాయి. వెనక వైరు గట్టిగానే ఉంది. లోపలి స్విచ్ ఉందని మాకు ఈరోజే తెలిసింది, అదీ ఆన్‌లోనే ఉంది. బ్రేకరు పడలేదు.

టంకం కర్ర:
అయితే సాకెట్ సంగతి తేలింది. ఫ్యూజు సంగతి విప్పకుండానే చెప్పొచ్చు. పచ్చలైటు ఒకసారి రెప్పపాటు వెలిగిందన్నారుగా? ఫ్యూజు ఊడితే ఆ రెప్పపాటు కూడా వెలగదు. అకౌంట్స్ ఆయనకి నా తరఫున నమస్కారం చెప్పండి.

నా అనుమానం వేరే. 'రెండురోజులు ఆపి ఉంచాం, తర్వాత లేవలేదు' అన్న మాట వినగానే నాకు ఒక చిన్న కెపాసిటర్ గుర్తొస్తుంది. ఈ బోర్డులు నడుస్తున్నంతసేపు తమని నడిపించే చిన్న చిప్పుకి (కంట్రోల్ ఐసీ) కావలసిన కరెంటు తామే తయారుచేసుకుంటాయి. మొదటి తోపు మాత్రం ఆ చిన్న కెపాసిటర్ ఇవ్వాలి. అది ఎండిపోయినా, నడుస్తున్న మిషన్ ఆగదు, ఆపిన మిషన్ మాత్రం లేవదు. చల్లబడితే మరీ మొండికేస్తుంది. చిటికెడు సీసం, పది నిమిషాల పని. దానికోసం బోర్డంతా మార్చడం, చెప్పు తెగిందని కాలు మార్చడం లాంటిది.

సర్వీసు బ్యాగు:
టంకం గారూ, మీ బల్ల మీద పది నిమిషాల పనే. ఆఫీసులో అలా కుదరదు. ఆ బోర్డు మీద ఉండే పెద్ద కెపాసిటర్‌లో 230 వోల్టుల లైనుకి 325 వోల్టుల డీసీ నిండి ఉంటుంది. ప్లగ్గు పీకినా వెంటనే దిగదు. దిగడానికి పెట్టిన రెసిస్టరే పోయుంటే ఎంతసేపు పట్టుకుని కూర్చుంటుందో చెప్పలేం. మీకు తెలుసు కాబట్టి మీరు ముట్టుకోరు. చదివేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

టంకం కర్ర:
విప్పమని నేను ఎవరికీ చెప్పలేదే! బాగుచేయొచ్చు అన్నాను. మార్చడం తప్ప దారి లేదన్నట్టు మీరు మాట్లాడితే ఊరుకోను.

రెండో బోర్డు దెబ్బ:
నా పేరు చూస్తే నా కథ అర్థమవుతుంది. మా దగ్గర ఇలాగే మిషన్ చచ్చింది, బోర్డు మార్చారు. కొత్త బోర్డుతోనూ లేవలేదు. 'కొత్తది కూడా డిఫెక్టే వచ్చింది' అని మూడోది తెచ్చారు. అదీ అంతే. చివరికి తేలిందేమిటంటే, కాగితం లాగే ఒక క్లచ్ షార్టైంది. బోర్డు మాత్రం బంగారంలా ఉంది. షార్ట్ చూసి తనని తాను కాపాడుకోవడానికి నోరు మూసుకుంది, అంతే.

ఈ మిషన్లలో రెండు రకాల కరెంటు ఉంటుంది. 5 వోల్టులో, అంతకన్నా తక్కువో మిషన్ మెదడైన మెయిన్ బోర్డుకి, 24 వోల్టులు మోటార్లకీ క్లచ్‌లకీ. 24 వైపు ఎక్కడో షార్టైతే చాలా బోర్డులు మొత్తం ఆగిపోతాయి. మళ్లీ లేవబోయి మళ్లీ పడతాయి. అందుకే మూడో అంతస్తు గారూ, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మిషన్ వెనక చెవి పెట్టి వినండి. గడియారంలా టిక్... టిక్... మంటోందా?

సర్వీసు బ్యాగు:
సరే, అలా జరుగుతుంది, కాదనను. కానీ షార్ట్ ఎక్కడుందో తెలియడానికి బోర్డు నుంచి వెళ్లే వైర్ల కనెక్టర్లు ఒక్కోటి పీకి చూద్దామంటే అక్కడా మెలిక ఉంది. కొన్ని బోర్డులు మెయిన్ బోర్డు నుంచి 'లే' అని సంకేతం వస్తేనే 24 ఇస్తాయి. కొన్ని కొంత లోడు ఉంటేనే నిలబడతాయి. అన్నీ పీకేసి మీటర్ పెట్టి 'వోల్టేజి లేదు, బోర్డు పోయింది' అంటే అదీ తప్పే. అందుకే మార్చి చూడటం మేలని నేను అనేది.

రెండో బోర్డు దెబ్బ:
ఏదీ పీకక్కర్లేని పరీక్ష ఒకటుంది. తలుపు తీసి ఆన్ చేయండి.

నవ్వకండి. తలుపు తీసినప్పుడు లోపల ఎవరి వేళ్లూ నలగకుండా ఒక మీట లాంటి స్విచ్ ఉంటుంది. చాలా మిషన్లలో అది కోసేది ఆ 24 వోల్టుల లైనునే. మెదడుకి వెళ్లే కరెంటు అలాగే ఉంటుంది, అందుకే తలుపు తీసినా తెర మీద 'తలుపు మూయండి' అని కనబడుతుంది. షార్ట్ ఆ లైనులో ఉంటే, తలుపు తీయగానే షార్ట్ కూడా తెగిపోతుంది. తెర వెలిగిందంటే బోర్డు బతికే ఉంది. వెలగకపోతే బోర్డు మీద అనుమానం ఇంకొంచెం గట్టిపడుతుంది, అంతకన్నా ఎక్కువ చెప్పలేం.

ముందు ప్లగ్గు పీకి ఐదు నిమిషాలు ఆగండి. కొన్ని బోర్డులు ఒకసారి అలిగితే పూర్తిగా కరెంటు తీసి పెట్టేదాకా అలక తీరదు. కాగితాలు సర్ది పిన్ను కొట్టే ఫినిషర్ లాంటి తగిలింపులు ఉంటే, ప్లగ్గు పీకి ఉన్నప్పుడే వాటి వైరు కూడా తీసేయండి.

మూడో అంతస్తు:
టిక్ టిక్ ఉంది! లంచ్‌కి అందరూ వెళ్లాక చెవి పెట్టి విన్నా. సెకనుకి ఒకటి చొప్పున, చాలా చిన్నగా.

ఐదు నిమిషాలు ఆగి ముందు తలుపు తీసి ఆన్ చేశాం. ఏమీ లేదు. మళ్లీ ప్లగ్గు పీకి, ఆగి, ఈసారి పక్క తలుపు కూడా తీసి పెట్టాం, కాగితం ఇరుక్కుంటే తీసేది. తెర వెలిగింది! 'పక్క తలుపు మూయండి' అని రాసుంది. ఆనందంతో మూశాం. టక్కున ఆరిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శుక్రవారం ఆఖర్న పేపర్ జామ్ అయిందట. ఎవరు తీశారని అడిగితే ఆఫీసంతా కిటికీలోంచి చూస్తోంది.

ఎర్తు వైరు:
మొదటి పోస్టులోనే ఈ ముక్క రాసుంటే కెటిల్ ఖర్చు తప్పేది.

సర్వీసు బ్యాగు:
పక్క తలుపు అయితే నేను పందెం కాస్తా. ఆ తలుపులోకి వైర్ల కట్ట ఒకటి కీలు పక్కనుంచి వెళ్తుంది. తీసినప్పుడల్లా వంగుతుంది, మూసినప్పుడల్లా సాగుతుంది. ఏళ్లు గడిచాక పైతొడుగు అరిగి రాగి బయటపడి ఇనుప చట్రానికి తగులుతుంది. జామ్ తీసేటప్పుడు ఎవరో తలుపుని బలంగా వెనక్కి వంచి ఉంటారు. మీ ఇంజనీరుకి ఫోన్ చేసి 'తలుపు తీస్తే వెలుగుతోంది, మూస్తే ఆరుతోంది' అని అదే మాట చెప్పండి. బోర్డు సంచిలో వేసుకుని రాడు, మీటర్ తెచ్చుకుంటాడు. ఆ మీట స్విచ్‌ని అట్టముక్కతో నొక్కి నడిపిద్దామని మాత్రం ఎవరూ చూడొద్దు. షార్ట్ ఉన్న లైనుకి కరెంటు ఇచ్చినట్టవుతుంది, పైగా చేతుల దగ్గర మోటార్లు తిరుగుతాయి.

టంకం కర్ర:
నా కెపాసిటర్ ఓడిపోయింది. ఒప్పుకుంటున్నా.

మూడో అంతస్తు:
ఇంజనీరు వచ్చి వెళ్లాడు. కీలు దగ్గర ఎర్ర వైరు ఒకటి గోరంత మేర ఒలిచినట్టు ఉంది, దాని ఎదురుగా ఇనుము మీద నల్లటి చుక్క. వైరు అతికి, తొడుగు వేసి, వైర్ల కట్టని అరంగుళం పక్కకి జరిపి బిగించాడు. మిషన్ లేచింది. అయితే వెళ్తూ వెళ్తూ బోర్డు చూపించాడు. రెండు కెపాసిటర్ల నెత్తులు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. 'ఎలాగూ మార్చాల్సిందే, ఇప్పుడే మార్చేద్దామా?' అని అడుగుతున్నాడు. ఏం చెప్పను?

సర్వీసు బ్యాగు:
మార్చేయమనండి. నేను మొదట్నుంచీ అదే కదా అంటున్నా.

టంకం కర్ర:
బోర్డా, రెండు కెపాసిటర్లా? నేనూ మొదట్నుంచీ అదే అడుగుతున్నా.

రెండో బోర్డు దెబ్బ:
ఉబ్బినవి ఎలాగూ పోతాయి, అందులో వాదం లేదు. బోర్డు ఇంజనీరు చేతే విప్పించి, మరమ్మతు బల్ల ఉన్నవాళ్ల దగ్గరికి పంపండి. తిరిగొచ్చేదాకా మిషన్ లేకుండా నడుస్తుందా లేదా అన్నది మీ ఆఫీసు పని మీద ఉంటుంది. ఒక్కరోజు కూడా ఆగలేమంటే కొత్త బోర్డు వేయించుకుని, పాతదాన్ని బాగుచేయించి బీరువాలో పెట్టుకోండి. పాతది మాత్రం వదిలేయకండి, అడిగి తీసుకోండి.

మూడో అంతస్తు:
పాతది ఇవ్వమని ఇప్పుడే అడిగాను. 'రూలు లేదండీ' అన్నాడు. రాతపూర్వకంగా అడుగుతున్నా. మొదటి కాపీ ఆ లెటరుదే తీశాం.