గ్యారస్ లేకుండా మూడో భాగం ఆడొచ్చా?

మాది కడప. నేనూ తమ్ముడూ మాస్ ఎఫెక్ట్ అనే వీడియో గేమ్ రెండో భాగం నిన్న రాత్రే పూర్తి చేశాం. మన టీమ్‌లో ఉండే గ్యారస్ సొంత మిషన్ చేయకుండానే అతన్ని చివరి పోరుకు తీసుకెళ్లాం. చనిపోయాడు. 2007 నాటి మొదటి భాగం నుంచీ వెంట ఉన్నవాడు. రెండో భాగంలో ఒమేగా అనే అంతరిక్ష కేంద్రంలో అతను హెల్మెట్ తీయగానే తమ్ముడు "అన్నా, మనోడే!" అని మంచం మీంచి లేచి నిలబడ్డాడు. ఇప్పుడు వాడికి అన్నం కూడా సరిగ్గా దిగడం లేదు.

పాతవాళ్లు ప్రతి భాగంలో టీమ్‌లోనే ఉండాలని నేననను. మొదటి భాగంలో టీమ్‌లో ఉన్న రెక్స్, రెండో భాగంలో తన గ్రహం టుచంకాలో తన తెగకు నాయకుడిగా కాసేపు కనిపించినా నాకు తృప్తిగానే ఉంది. గ్యారస్ సంగతి వేరు.

గ్యారస్ చనిపోయిన ఇలాంటి సేవ్‌తోనే (దాచుకున్న ఆటతోనే) మూడో భాగం ఆడినవాళ్లున్నారా? ఆ లోటు బాగా తెలుస్తుందా? పాత సేవ్ నుంచి మళ్లీ ఆడటమే మేలా? దయచేసి కథ చెప్పకుండా సలహా ఇవ్వండి.